ఎయిర్‌బ్రష్‌తో ఇచ్చిన కందెన, తప్పుడు సూచనలపై ఫిర్యాదు

చెన్నై

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

నమస్కారం. కొసపేటలో కొలువు బొమ్మలకు రంగులు వేసే చిన్న కార్ఖానా మాది. మీ సంస్థ నుంచి కొన్న, గాలితో రంగు చల్లే 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఎయిర్‌బ్రష్‌తో పాటు వచ్చిన నూనె సీసా, సూచనల పత్రం గురించి ఈ ఫిర్యాదు. మీ పత్రం తెలుగులోనూ ఉంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. బ్రష్ తయారీని నేను తప్పుపట్టడం లేదు. నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు, రెండూ మొదట్లో చెప్పినట్టు వినేవి. దాన్ని పాడుచేసింది మీరిచ్చిన నూనె, దాన్ని ఎలా వాడాలో మీరు రాసిన తీరు.

శుభ్రం చేసిన ప్రతిసారీ సూది మొన, నాజిల్ లోపలి భాగంతో సహా అన్ని భాగాలకూ నూనె ధారాళంగా పూయమని మీ పత్రం చెబుతోంది. ఎయిర్‌బ్రష్‌లు అమ్మే సంస్థ ఇలా ఎలా రాసింది? కందెన కావలసింది భాగాలు ఒకదానితో ఒకటి రాసుకునే చోట. ట్రిగ్గర్ కింద గాలి వాల్వు కాడకు, రంగు వెనక్కి కారకుండా సూదిని చుట్టి ఉండే ప్యాకింగ్‌లోంచి జారే సూది నడుము భాగానికి ఒక్క చుక్కను పలచగా రుద్దితే చాలు. సూది మొన, నాజిల్ రంగు నడిచే దారి. ఆ దారిలో నూనె మిగిలితే అది రంగుతో కలిసి నేరుగా బొమ్మ మీదికి వస్తుంది.

మా దగ్గర జరిగింది అదే. కృష్ణుడి బొమ్మలకు ముదురు నీలం వేసి, చెక్కిళ్ల దగ్గరికి వచ్చేసరికి దాన్ని లేతగా కరిగించడం మా పనిలో అన్నిటికన్నా సున్నితమైన ఘట్టం. అక్కడే రంగు పట్టకుండా పక్కలకు ముడుచుకుపోయి, అడుగు పూత కనిపించేలా గుండ్రని గుంటలు పడ్డాయి. పైన ఎన్ని పూతలు వేసినా అవి పూడలేదు. ఆ ముఖాలన్నీ గీకి, అడుగు పూత నుంచి మళ్లీ వేయవలసి వచ్చింది. నవరాత్రుల ముందు బొమ్మల పనివారికి ఒక్కో పూట ఎంత విలువైనదో మీరు ఊహించగలరు.

సీసా మీద అందులో ఏముందో లేదు. ఫోనులో అడిగితే సిలికోన్ నూనె అని మీ ప్రతినిధే చెప్పారు. రంగులు చల్లే పనిముట్టుకు సిలికోన్ నూనె ఎలా ఇస్తారు? దాని తలతన్యత, అంటే ద్రవం పైపొరను బిగపట్టి ఉంచే గుణం, చాలా తక్కువ. ఏమాత్రం అంటినా తడి రంగు దాని నుంచి దూరంగా జరిగిపోతుంది. వాహనాలకు రంగులు వేసే షెడ్డుల్లో సిలికోన్ పాలిష్‌ను దరిదాపులకు రానివ్వనిది ఇందుకే. నీటి రంగులతో పనిచేసేవారికి గ్లిజరిన్ ఆధారిత కందెన మేలు. పొరపాటున కాస్త మిగిలినా నీటితో పోతుంది.

గుంటలకు మా కంప్రెసర్‌లోని తేమ కారణమంటూ మీ సర్వీసు కేంద్రం వారంటీని తిరస్కరించింది. చెన్నై గాలిలో తేమ ఎక్కువన్నది నిజమే. అందుకే మా గొట్టానికి తేమ వడపోత ఉంది, రోజూ అందులోని నీరు వదిలేస్తాం. అయినా అదే కంప్రెసర్‌కు, అదే 20 పీఎస్‌ఐ పీడనంలో, అదే రంగుతో మా పాత బ్రష్ బిగించి చల్లితే ఒక్క గుంట కూడా పడలేదు. రెండు బ్రష్‌లతో చల్లిన నమూనా పలకల ఫొటోలు జతచేశాను. వాటిని చూడకుండానే తిరస్కరించడం అన్యాయం.

ఇంకొకటి. బ్రష్ మొత్తాన్ని రాత్రంతా థిన్నర్‌లో నానబెట్టమని కూడా మీ పత్రంలో ఉంది. సూది ప్యాకింగ్ టెఫ్లాన్‌దైతే తట్టుకునేది. మీరు పెట్టింది రబ్బరు ఓ-రింగ్. అది ఉబ్బి సూదిని పట్టేస్తోంది, రంగు ఆగి ఆగి వస్తోంది.

వారంటీ కింద ప్యాకింగ్, వాల్వు రింగులు, నాజిల్ ఉచితంగా మార్చండి, పాడైన పనికి పరిహారం ఇవ్వండి. అంతకన్నా ముఖ్యంగా ఆ సీసాలను అమ్మకం నుంచి వెనక్కి తీసుకుని, సూచనల పత్రాన్ని సరిదిద్ది, ఇప్పటికే కొన్నవారికి కబురు పంపండి. ఇదే పెట్టె కొని, లోపం తమ చేతుల్లోనే ఉందనుకుని కుమిలిపోతున్న కొత్తవారు ఉంటారు. సరైన వాడకానికి తగిన సూచనలు ఇవ్వకపోవడం వల్ల కలిగే హానికి తయారీదారు బాధ్యుడని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

రసీదు, వారంటీ కార్డు, సూచనల పత్రం నకళ్లు జతచేశాను. సీసాలో మిగిలిన నూనె నా దగ్గర భద్రంగా ఉంది, పరీక్షకు ఎప్పుడడిగినా ఇస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
కొసపేట, చెన్నై