పర్లాకిమిడిలో శనివారం సాయంత్రానికి ఒక గది ఇప్పించండి

ఒడిశా రాష్ట్ర సామాజిక భద్రత, దివ్యాంగుల సాధికారత శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక ధాన్యం కొట్లో లెక్కలు రాసే గుమస్తాను. పంతొమ్మిదేళ్ళు తాగాను. మానేసి నాలుగేళ్ళు దాటింది. తాగుడు మానాలనుకునే నాలాంటివాళ్ళం కూర్చుని తెలుగులో మాట్లాడుకోవడానికి ఒక గది అడగడానికే ఈ లేఖ. ఈ లేఖలో నా పేరు రాయడం లేదు. నేను వెళ్ళే సమావేశంలో పేర్లు బయటపెట్టకూడదన్నది నియమం. ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్ల ఉండటం మరో కారణం.

మొదటిసారి ఎవరికీ చెప్పకుండా ఇంట్లోనే మానేయబోయాను. మర్నాటికి చేతులు వణికాయి, మూడో రాత్రి గోడల మీద పాములు పాకుతున్నట్టు కనిపించి కేకలు పెట్టాను. ఏళ్ళ తరబడి బాగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చనీ, ఆ తర్వాత మతి చెదిరి ప్రాణం మీదికి కూడా రావచ్చనీ, అందుకే ఆ రోజులు వైద్యుడి కనుసన్నల్లో గడవాలనీ ఆసుపత్రిలో చేరాకే తెలిసింది. అక్కడి నుంచి వేరే ఊళ్ళోని డీ-అడిక్షన్ కేంద్రానికి పంపితే నెల రోజులున్నాను. ఇంటికి పంపే రోజున చేతికిచ్చిన కాగితంలో చివరి మాట, సహాయక బృందంలో చేరవలసిందని. ఆ బృందం ఎక్కడుందో, ఏ వారం కూర్చుంటుందో ఆ కాగితంలో లేదు, అడిగితే చెప్పగలిగినవారూ లేరు. కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స దొరికింది. ఆ ఒక్కరిలో నేనూ ఒకణ్ణయి ఉండి కూడా, బయటికొచ్చిన ఆరో వారానికి మళ్ళీ సీసా పట్టాను.

చివరికి దారి చూపించింది మా కొట్టుకు సరుకు తెచ్చే లారీ డ్రైవరు. తాను విశాఖలో ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్తున్నానని, బస్తాలు దించుతుండగా గొంతు తగ్గించి చెప్పాడు. 1935లో అమెరికాలోని అక్రాన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతులు, ఒకరు షేర్ల వ్యాపారి, ఒకరు శస్త్రచికిత్స వైద్యుడు, ఒకరి గోడు ఒకరికి చెప్పుకుని నిలదొక్కుకోవడంతో మొదలైన సంఘం అది. రుసుము లేదు, హాజరుపట్టీ లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు వింటారు. అడ్డుపడరు, నీతులు చెప్పరు. విశాఖ వెళ్ళిన మొదటి రెండుసార్లూ నేను నోరు విప్పలేదు. మూడోసారి ఒక పెద్దాయన, బియ్యం డ్రమ్ములో క్వార్టర్ సీసా దాచుకుని భార్య అన్నం వండబోయే వేళకు ఎంత వణికిపోయేవాడో చెబుతుంటే, పాత ఖాతా పుస్తకాల వెనక నేను దాచిన సీసాలు గుర్తుకొచ్చి, నా వంతు రాకముందే మాట్లాడేశాను.

తమకు విన్నవించుకోవలసిన అసలు సంగతి ఇదే. అంతకుముందు మన రాష్ట్రంలోనే ఒక పట్టణంలో ఒడియాలో జరిగే సమావేశానికి వెళ్ళి చూశాను. అక్కడివారు నన్ను ఎంతో ఆదరించారు, వారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ నాకొచ్చిన ఒడియా బేరానికీ, ప్రభుత్వ కచేరీ పనికీ సరిపోతుందే తప్ప, పిల్ల పుస్తకాల డబ్బు పట్టుకెళ్ళి తాగొచ్చిన రాత్రిని గురించి చెప్పుకోవడానికి చాలదు. ఈ వైద్యంలో మందుబిళ్ళ లేదు, ఉన్నదంతా మాటే. 1936లో సరిహద్దు గీసినప్పుడు మా పట్టణం ఒడిశాకూ, మహేంద్రతనయ నది అవతలి పాతపట్నం మద్రాసు వైపుకూ వెళ్ళాయి. ఇళ్ళల్లో తెలుగు మాత్రం ఇటువైపూ మిగిలింది. అందుకే ఈనాటికీ ఒక గంటన్నర మాట్లాడుకోవడం కోసం గుణుపురం నుంచి వచ్చే రైలెక్కి నౌపడ మీదుగా విశాఖ వెళ్ళి వస్తున్నాను. ఒక రోజు కూలి పోతుంది. కూలి పోగొట్టుకోలేనివాడు ఎలా వెళ్తాడు?

డబ్బు అడగడం లేదు. బయటివారి విరాళాలు తీసుకోకూడదన్నది ఆ సంఘం నియమం కూడా. శనివారం సాయంత్రం రెండు గంటలపాటు ప్రభుత్వ భవనంలో ఒక గది, వీధిలోకి కనిపించని ద్వారం ఉన్నది, నామమాత్రపు అద్దెకు ఇప్పించండి. ఆ అద్దె మేమే చందాలేసుకుని కడతాం. పొరుగు గది కూడా దొరికితే మా ఇళ్ళలోని ఆడవాళ్ళు వేరుగా కూర్చుంటారు, ఎందుకంటే వాళ్ళు పడింది మాకంటే తక్కువేమీ కాదు. సమావేశం ఎక్కడ, ఎప్పుడో తెలుగులోనూ ఒడియాలోనూ ఆసుపత్రి గోడ మీద రాయించండి. డీ-అడిక్షన్ కేంద్రం నుంచి ఇంటికి పంపే ప్రతివారి కాగితంలోనూ అదే వివరం ఉండేలా ఆదేశించండి. దాని పక్కనే మత్తు మానాలనుకునేవారికి సాయం చేసే 14446 నంబరునూ, మానసిక బాధలకు తెలుగు ఎంచుకుని మాట్లాడగల టెలిమానస్ 14416 నంబరునూ వేయిస్తే, అర్ధరాత్రి చేతులు వణికేవాడికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఒక్క మనవి, అన్యథా భావించకండి. ఆ గదికి ప్రారంభోత్సవం పెట్టవద్దు. తమరు వస్తే ఫొటోగ్రాఫర్లు వస్తారు, ఫొటోగ్రాఫర్లు వస్తే మేము రాము. తాళంచెవి ఆసుపత్రి కాపలాదారు దగ్గర ఉంచితే చాలు, శనివారం ఆరింటికి మేమే వచ్చి తీసుకుంటాం.

ఇట్లు,
తమ విధేయుడు,
పర్లాకిమిడి గుమస్తా