విక్రాంత్‌ను తుక్కు చేశాం, మిగిలినవైనా దక్కించుకుందాం

సంపాదకులకు నమస్కారం.

నౌకాదళ దినోత్సవం నాడు మీరు వేసిన విమానవాహక యుద్ధనౌక విక్రాంత్ ఫొటో కింద '1971 యుద్ధంలో పాల్గొన్న నౌక' అని రాశారు. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను, వేయలేదు. ఫొటోలో ఉన్నది 2022 సెప్టెంబరులో కొచ్చిలో నౌకాదళంలో చేరిన కొత్త విక్రాంత్. 1971లో పోరాడిన ఓడ ఇప్పుడు లేదు. 2014లో రూ.60 కోట్లకు అమ్మేస్తే ముంబయి దారుఖానాలో ముక్కలు చేసేశారు. ఆ ఓడ కళ్లెదుట ఉండి ఉంటే మీ విలేకరికి ఈ పొరపాటు జరిగేదే కాదు.

ఆ ఓడ గురించి విశాఖ వాళ్లకు ఒకరు చెప్పాలా? బాయిలరుకు పగులు వచ్చి పూర్తి వేగం అందుకోలేని స్థితిలోనూ దాని మీది నుంచి లేచిన విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. దాన్ని ముంచాలని వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన రేవు ముంగిట్లోనే మునిగిపోయింది. విక్రాంత్‌ను అండమాన్లకు పంపేసి, ఇక్కడే ఉందని శత్రువును నమ్మించడానికి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పాత యుద్ధనౌక రాజ్‌పుత్ చేత సందేశాలు పంపించారు. నగరం దీపాలార్పుకుని కూర్చున్న ఆ రాత్రులు మా తరానికి ఇంకా గుర్తే. 1997లో సర్వీసు ముగిశాక ముంబయిలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉంచి, ఆ తర్వాత నిర్వహణ భారమన్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లినా దక్కలేదు.

మరో విమానవాహక నౌక విరాట్ విషయంలోనైనా బుద్ధి తెచ్చుకున్నామా? 2017లో దాన్ని సాగనంపినప్పుడు విశాఖకు తెస్తామని మన రాష్ట్రం ముందుకొచ్చింది, పని జరగలేదు. 2018లో మహారాష్ట్ర మంత్రివర్గం ఒక పథకాన్ని ఆమోదించింది, అదీ కాగితం దాటలేదు. ఓడ 2020లో, ఓడలను తుక్కు చేసే గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డుకు చేరింది. కోర్టు ఆపమనేసరికి కోత మొదలైపోయింది. కేంద్రం రాష్ట్రమంటుంది, రాష్ట్రం కేంద్రమంటుంది, ఈలోగా గ్యాస్ కట్టర్లు తమ పని తాము కానిస్తాయి.

మనకు చేతకాక కాదు. రామకృష్ణా బీచ్‌లో కురుసుర ఉంది కదా! 1969లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చి 31 ఏళ్లు పనిచేసిన సబ్‌మెరైన్. 2001 ఫిబ్రవరిలో సర్వీసు ముగిస్తే, 2002 ఆగస్టుకల్లా జనం లోపలికెళ్లి చూశారు. 91 మీటర్ల ఇనుప కాయాన్ని సముద్రంలోంచి ఇసుక మీదికి లాగి నిలబెట్టారంటే ఆనాటి ఇంజనీర్లకు, అధికారులకు చేతులెత్తి మొక్కాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి ద్వారంలో ముందు కాలు పెట్టి, నడుం వంచి, తల దూర్చాలి. టార్పెడోలున్న చోటే పడకలు. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే దగ్గరుండి వివరిస్తారు. ఏ పాఠ్యపుస్తకం చెప్పగలదు ఇదంతా? లోపలికెళ్లిన పిల్లలు నోరు తెరుచుకుని బయటికొస్తారు.

బయటి దేశాలు చూడండి. బ్రిటిష్ నౌకా సేనాని నెల్సన్ ట్రఫాల్గర్ యుద్ధంలో పోరాడిన ఓడ విక్టరీ పోర్ట్స్‌మత్‌లో నేటికీ బ్రిటిష్ నౌకాదళ జాబితాలో ఉంది. 1797 నాటి యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్‌ను బాగుచేయడానికి అమెరికా బడిపిల్లలు పైసా పైసా పోగుచేసి ఇచ్చారు. బోస్టన్‌లో ఉన్న మన తెలుగువాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తుంటారు. నా కడుపు మండేది ట్రింకోమలీ సంగతి తలచుకుంటే. 1817లో బొంబాయిలో వాడియా కుటుంబం టేకుతో కట్టిన ఓడ అది. ఇంగ్లండులోని హార్ట్‌పూల్‌లో ఇప్పటికీ నీటి మీద తేలుతోంది. మన చేతులతో కట్టిన దాన్ని వాళ్లు రెండు వందల ఏళ్లు దాచుకున్నారు, మన కోసం యుద్ధం చేసిన దాన్ని మనం తూకానికి అమ్ముకున్నాం.

బీచ్ సుందరీకరణ పేరుతో వేసిన టైల్సే పీకి మళ్లీ వేయడానికి మాత్రం ఏటా నిధులు దొరుకుతాయి. చరిత్ర దగ్గరికొచ్చేసరికి ఖజానా ఖాళీ అంటారు.

సోవియట్ దేశం నుంచి ఎనభైల్లో వచ్చిన రాణా, రణ్‌వీర్, రణ్‌విజయ్ యుద్ధనౌకలు తూర్పు నౌకాదళంలో పనిచేస్తున్నాయి. వాటి వయసు అయిపోవస్తోందని అందరికీ తెలుసు. వీటిలో ఒక్కదాన్నైనా విశాఖలో నిలపాలి. స్థలం ఎక్కడ, ఖర్చెవరిది, ఏటా నిర్వహణ ఎవరు చూస్తారు అన్నది వీడ్కోలు సభ నాటికి కాక ఇప్పుడే కేంద్రం, రాష్ట్రం కూర్చుని రాతపూర్వకంగా తేల్చాలి. మన ఎంపీలు ఈ ప్రశ్న పార్లమెంటులో అడగాలి. మీ పత్రిక కూడా ముందు ఆ ఫొటో వ్యాఖ్యకు సవరణ వేసి, ఈ విషయాన్ని వదలకుండా రాయాలని కోరుతున్నాను.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం