బర్క్‌లీ గురించి మిత్రుడికి ఒక ఉత్తరం

ప్రియమైన మిత్రమా,

మన ఊళ్ళో దివ్యాంగుల కోసం ఒక సంఘం పెట్టాలనుకుంటున్నానని, ఇక్కడ అమెరికాలో అలాంటి సంఘాలు ఎలా పుట్టి నిలబడ్డాయో వివరంగా రాయమని నువ్వు అడిగి నెల దాటింది. విన్న మాటలు రాయడం ఇష్టం లేక, పోయిన వారం ఒక రోజు సెలవు పెట్టి కాలిఫోర్నియాలోని బర్క్‌లీ వెళ్ళి కళ్ళారా చూసి వచ్చాను. అందుకే ఈ ఆలస్యం.

యాష్‌బీ స్టేషన్‌లో రైలు దిగితే పక్కనే దివ్యాంగుల సంస్థల కార్యాలయాలున్న ఎడ్ రాబర్ట్స్ క్యాంపస్ ఉంటుంది. 2010లో తెరిచిన ఆ భవనంలోకి అడుగుపెట్టగానే ఎర్రటి ర్యాంపు ఒకటి గుండ్రంగా మెలికలు తిరుగుతూ పై అంతస్తుకు వెళ్తూ కనిపిస్తుంది, దాని మీద పైకప్పు అద్దాల నుంచి వెలుతురు పడుతూ ఉంటుంది. ఇద్దరు మనుషులు తమ వీల్‌చైర్లలో పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ పైకి వెళ్తుంటే చూస్తూ నిలబడిపోయాను. ఆ క్షణంలో నాకు మన క్లాసులో పోలియో వచ్చిన అబ్బాయి గుర్తొచ్చాడు. వాళ్ళ అన్న రోజూ అతన్ని భుజాల మీద మోసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళేవాడు. పదో తరగతి గది మేడ మీద ఉన్నందువల్ల, అన్నకు అప్పటికే కూలి పని దొరికినందువల్ల, అతని చదువు తొమ్మిదితో ఆగిపోయింది. లెక్కల్లో మనిద్దరి కంటే అతనే ముందుండేవాడని నువ్వు కూడా ఒప్పుకుంటావు. ఆ రోజు మనం ఎవరినీ ఏమీ అడగలేదు. అడగవచ్చన్న ఆలోచన కూడా మనకు రాలేదు.

ఆ భవనానికి పేరిచ్చిన ఎడ్ రాబర్ట్స్ 1939లో పుట్టాడు. పద్నాలుగో ఏట పోలియో సోకి మెడ కింది నుంచి చచ్చుబడ్డాడు. కదిలేవి ఒకటి రెండు వేళ్ళు మాత్రమే. రాత్రిళ్ళు ఐరన్ లంగ్ అనే పెద్ద ఇనుప పీపా లాంటి శ్వాసయంత్రంలో పడుకుంటే తప్ప ఊపిరి ఆడేది కాదు. హైస్కూలు చదువు పూర్తి చేసినా, వ్యాయామం, కారు నడపడం నేర్చుకోలేదన్న కారణంతో సర్టిఫికెట్ ఇవ్వబోమన్నారు. మంచం మీద నుంచి లేవలేని పిల్లవాడికి డ్రైవింగ్ రాలేదని సర్టిఫికెట్ ఆపడం ఎంత అన్యాయమో చూడు. అతని తల్లి జోనా పోరాడి ఆ సర్టిఫికెట్ సాధించింది. తర్వాత రాష్ట్ర పునరావాస శాఖ అతను ఎన్నటికీ ఉద్యోగం చేయలేడని తేల్చి, చదువుకు సాయం చేయడానికి మొదట నిరాకరించింది. ఆ నిర్ణయం మీద కూడా గట్టిగా పోరాడవలసి వచ్చింది.

1962లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో అతనికి సీటు దొరికింది కానీ, అంత బరువైన యంత్రాన్ని పెట్టుకోవడానికి హాస్టల్ గది పనికిరాలేదు. చివరికి క్యాంపస్‌లోని కవెల్ ఆసుపత్రిలో గది ఇచ్చారు. మరుసటి ఏడాది జాన్ హెస్లర్ అనే మరో విద్యార్థి వచ్చాడు. ఆ దశాబ్దం ముగిసేసరికి ఆసుపత్రిలోనే ఉంటూ క్లాసులకు వెళ్ళే వికలాంగ విద్యార్థులు దాదాపు డజను మంది అయ్యారు. తమకు రోలింగ్ క్వాడ్స్ (కాళ్ళూ చేతులూ చచ్చుబడి చక్రాల మీద తిరిగేవాళ్ళు) అని తామే పేరు పెట్టుకున్నారు. నువ్వు తెలుసుకోవాలనుకున్న సంఘం చరిత్ర మొదలయ్యేది ఆ గదుల్లోనే. ఎందుకంటే రాత్రి పొద్దుపోయేదాకా వాళ్ళు చర్చించుకున్నది రోగం గురించి కాదు, ఎప్పుడు నిద్ర లేవాలో, ఎవరు స్నానం చేయించాలో, ఏ కోర్సు తీసుకోవాలో ఎవరు నిర్ణయించాలన్న సంగతి గురించి.

1970లో వాళ్ళ చొరవతో విశ్వవిద్యాలయంలో వికలాంగ విద్యార్థుల కార్యక్రమం ఒకటి ప్రారంభమైంది. అందులో జరిగిన పనులు వింటే చాలా మామూలుగా అనిపిస్తాయి. స్నానం చేయించి బట్టలు తొడిగే సహాయకులను వెతికి పెట్టడం, వీల్‌చైర్లో తిరగడానికి వీలైన అద్దె ఇళ్ళ జాబితా తయారుచేయడం, కొత్తగా వచ్చినవాళ్ళకు పాతవాళ్ళు ధైర్యం చెప్పడం, వీల్‌చైర్ల మరమ్మతు. ఈ చివరి పని దగ్గర కొంచెం ఆగు. మోటారు వీల్‌చైర్ పాడైతే ఆ మనిషి ఎక్కడున్నవాడు అక్కడే ఉండిపోతాడు, చదువూ ఉద్యోగమూ ఆగిపోతాయి, వారాల తరబడి ఇంటికే పరిమితమవుతాడు. వేరే ఊరి నుంచి మెకానిక్ వచ్చేదాకా ఆగకుండా తమ దగ్గరే బాగుచేయించుకునే ఏర్పాటు చేసుకోవడం వాళ్ళ తెలివికి నిదర్శనం. మన జిల్లాలో పంచిన ట్రై సైకిళ్ళలో ఎన్ని గొలుసు తెగి గోడవారన తుప్పు పట్టి ఉన్నాయో నీకు నా కంటే బాగా తెలుసు.

విద్యార్థులు కాని ఊరివాళ్ళు కూడా వచ్చి అవే సాయాలు అడగసాగారు. వాళ్ళను కాదనలేక 1972లో విశ్వవిద్యాలయం బయట, చిన్న అపార్ట్‌మెంటులో సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్ అనే సంస్థను ప్రారంభించారు. ఆ పేరులోని స్వతంత్రం అన్న మాటకు వాళ్ళు ఇచ్చిన అర్థం నాకు చాలా నచ్చింది. చొక్కా గుండీలు తానే పెట్టుకోవాలని రెండు గంటలు తంటాలు పడి అలసిపోయేవాడి కంటే, సహాయకుడితో కొద్ది నిమిషాల్లో పెట్టించుకుని పనికి వెళ్ళేవాడే స్వతంత్రుడని వాళ్ళ వాదన. నిర్ణయం ఎవరిదన్నదే అసలు ప్రశ్న. అందుకే సంస్థను నడిపే వాళ్ళలో అధిక సంఖ్యాకులు వికలాంగులే అయి ఉండాలని పట్టుబట్టారు. ఇప్పుడు అమెరికా అంతటా ఇలాంటి కేంద్రాలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఫెడరల్ ప్రభుత్వ నిధులు తీసుకునే కేంద్రాల పాలకవర్గంలో సగానికి మించి వికలాంగులే ఉండాలన్న నియమం చట్టంలోకే ఎక్కింది.

సంస్థాపకుల్లో హేల్ జూకస్ అనే ఆయన గురించి చదివి నాకు నోట మాట రాలేదు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న ఆయన మాట ఇతరులకు అర్థం కావడం కష్టమయ్యేది. తలకు కట్టుకున్న చిన్న కర్రతో అక్షరాల పలకను చూపిస్తూ మాట్లాడేవాడు. ఆ మనిషే వీధుల పేవ్‌మెంట్ అంచులను వాలుగా చేయించడంలో, రైళ్ళలో అందరికీ దారి ఏర్పరచడంలో ముందుండి పనిచేశాడు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు మోకాళ్ళ నొప్పులతోనే ఆ వాలు దారుల మీదుగా హాయిగా రోడ్డు దాటేది. అవి ఎవరి కష్టం వల్ల వచ్చాయో అప్పుడు నాకు తెలియదు.

1975లో ఎడ్ రాబర్ట్స్‌ను కాలిఫోర్నియా పునరావాస శాఖకు డైరెక్టరుగా నియమించారు. అవును, అతను ఏ పనికీ పనికిరాడని రాసిన శాఖకే. ఇది చదివి ఒంటరిగా కూర్చుని చప్పట్లు కొట్టాను.

1977 సంగతి కూడా చెప్పాలి. ప్రభుత్వ నిధులతో నడిచే చోట వికలాంగుల పట్ల వివక్ష చూపరాదన్న సెక్షన్ 504 చట్టం 1973లోనే వచ్చినా, దాని నిబంధనల మీద సంతకం నాలుగేళ్ళు జరగలేదు. ఏప్రిల్ 5న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ భవనంలోకి వంద మందికి పైగా వెళ్ళి బైఠాయించారు. నాయకత్వం వహించిన జూడీ హ్యూమన్, కిట్టీ కోన్ ఇద్దరూ వీల్‌చైర్లలో తిరిగేవాళ్ళే. అధికారులు ఫోన్లు కట్ చేస్తే, బధిరులు కిటికీల దగ్గర నిలబడి సంజ్ఞా భాషలో బయటివాళ్ళతో మాట్లాడారు. నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్ళు వేడి భోజనాలు తెచ్చిపెట్టారు. మందులూ పరుపులూ సరిగా లేకుండా మూడు వారాలకు పైగా అక్కడే ఉన్నారు. ఏప్రిల్ 28న మంత్రి జోసెఫ్ కాలిఫానో సంతకం పెట్టాడు. 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టానికి ఈ పోరాటం దారి వేసింది.

ఇక మన ఊరి సంగతి. నీ ఉత్తరంలో లబ్ధిదారులు అన్న మాట ఆరుసార్లు వచ్చింది. దాతల జాబితా, పంపిణీ కార్యక్రమం, ముఖ్య అతిథి, అన్నీ ఉన్నాయి. అధ్యక్షుడి పేరు దగ్గర మాత్రం నీ పేరు ఉంది. కోప్పడకు, నీ మనసు నాకు తెలుసు కాబట్టే ఇంత సూటిగా రాస్తున్నాను. మన క్లాసులో పోలియో వచ్చిన ఆ పాత మిత్రుడు ఇప్పుడు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడని కదా రాశావు. సదరం క్యాంపుకి వెళ్ళి ధ్రువపత్రం కోసం ఎన్నిసార్లు తిరగాలో, పింఛను ఎక్కడ ఆగుతుందో, ఏ కార్యాలయానికి మెట్లు ఉన్నాయో మనకంటే అతనికే తెలుసు. ట్రై సైకిల్ గొలుసు వేయడం కూడా అతనికి పెద్ద పని కాదు. ముందు అతని దగ్గరికి వెళ్ళి సంఘం కావాలో వద్దో, కావాలంటే మొదట ఏం చేయాలో అడుగు. సంతకం పెట్టే చోట అతన్ని కూర్చోబెట్టు, కాగితాలు మోసే పని మనం చేద్దాం. సమావేశానికి మేడ మీది హాలు మాత్రం తీసుకోవద్దు.

అతని ఫోన్ నంబరు వెంటనే పంపించు. ముప్ఫై ఏళ్ళుగా మాట్లాడలేదు, ముందు నేనే మాట్లాడాలి.

నీ
చిన్ననాటి మిత్రుడు