ప్రభువు చిత్తం వెతుకుతున్నప్పుడు నాతో నిలబడిన మా సంఘానికి కృతజ్ఞతలు

అందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

ఐర్లండ్ ఉద్యోగం వద్దనుకుని ఒంగోల్లోనే ఉండిపోయానని మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. "ఎందుకమ్మా వెళ్లలేదు?" అని ఫోన్లు చేస్తున్నారు. నేను ఉండిపోవడం కన్నా, ఆ నిర్ణయం దాకా నన్ను నడిపించిన వాళ్ల గురించి చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. వాళ్లెవరూ పేర్లు రాయనివ్వలేదు. పేర్లు లేకపోయినా ఈ కృతజ్ఞత ఎవరికో వాళ్లకి తెలుసు.

నేను స్టాఫ్ నర్సుని. విదేశాల్లో నర్సు పనికి కావాల్సిన ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ పాసయ్యాను, ఐర్లండ్ నర్సింగ్ బోర్డు నుంచి డెసిషన్ లెటర్ వచ్చింది, ఇంటర్వ్యూ అయ్యాక ఆఫర్ కూడా చేతికొచ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మకి కిడ్నీలు పూర్తిగా దెబ్బతిని డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మిషను మీద. నాన్న లేరు. తమ్ముడింకా చదువుకుంటున్నాడు. నాన్న వైద్యానికి తెచ్చిన అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీతో పెరుగుతోంది. వెళ్తే అప్పు తీరుతుంది, కానీ అమ్మ పక్కన ఎవరూ ఉండరు. ఉంటే అమ్మని చూసుకుంటాను, కానీ వడ్డీ ఇల్లు లాక్కుంటుంది. ఎటు చూసినా భయమే.

ఆఫర్ వచ్చిందని తెలియగానే "ప్రభువు తలుపు తెరిచాడు" అన్నారు చాలామంది. కూటాలకి వచ్చిన ఒక ప్రసంగికుడు నా తల మీద చెయ్యి పెట్టి, నేను సముద్రాలు దాటుతానని ప్రభువు బయలుపరిచాడన్నారు. చీటీలు వేసి ప్రార్థన చేసి తియ్యమన్నారు కొందరు. గిద్యోను గొఱ్ఱెబొచ్చు పెట్టినట్టు ఏదో ఒక గుర్తు అడగమన్నారు ఇంకొందరు. నా మేలు కోరే చెప్పారు, కాదనను. కానీ ఆ మాటలు వింటున్నకొద్దీ ప్రార్థన చేయడమే కష్టమైపోయింది. మోకరిస్తే చాలు, వెళ్లకపోతే అవిధేయురాలినవుతానేమో అన్న భయమే ముందుకొచ్చేది.

అందుకే మా సంఘ కాపరి అయ్యగారికి మొదటి కృతజ్ఞత. వెళ్లి అడిగితే, "నీ విషయంలో ప్రభువు నాకేమీ చెప్పలేదమ్మా. కూర్చో, ఇద్దరం వాక్యం చూద్దాం" అన్నారు. ఇన్నేళ్ల పరిచర్య ఉన్న మనిషి నోట ఆ మాట వినడం నాకెంత ఊరటో చెప్పలేను. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయం తెరిచారు. త్రోయ పట్టణంలో పౌలుకి ప్రభువునందు తలుపు తెరిచే ఉంది, అదీ సువార్త కోసం. అయినా తన తోటి పనివాడు తీతు కనబడక మనసుకి నెమ్మది లేకపోయిందని, అక్కడివాళ్ల దగ్గర సెలవు తీసుకుని మాసిదోనియకి వెళ్లిపోయాడు. దాన్ని పౌలు దాచుకోలేదు, పాపమనీ రాయలేదు. తెరిచిన తలుపు కనబడితే దూరి తీరాలన్న ఆజ్ఞ బైబిల్లో ఎక్కడుందో చూపించమన్నారు అయ్యగారు. తర్వాత మార్కు ఏడో అధ్యాయం. తల్లిదండ్రులకి చెందాల్సింది 'కొర్బాను' అని దేవుని పేరు మీద పక్కన పెట్టేవాళ్లని యేసు ప్రభువు ఎంత గట్టిగా గద్దించాడో చదివించారు. అలాగని ఉండిపొమ్మనీ అనలేదు. డబ్బు పంపడం కూడా అమ్మని చూసుకోవడమే, అబ్రాహాము ఇల్లు విడిచింది విధేయతతోనే కదా అన్నారు. బరువు నా మీద నుంచి తీసి తన మీద వేసుకోలేదు, నన్ను ఒంటరిగా మొయ్యనివ్వనూ లేదు.

అయ్యగారి భార్య, మా అమ్మగారు చూపించినవి ఇంకా సూటిగా ఉన్నాయి. 'దేవుని చిత్తము' అని పౌలు థెస్సలొనీకయులకి పేరు పెట్టి మరీ రాసినవి రెండు: పరిశుద్ధులుగా ఉండడం, ప్రతి విషయంలోనూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించడం. ఒంగోల్లో ఉన్నా డబ్లిన్‌లో ఉన్నా ఆ రెండూ మారవన్నారు. నాకు మారుతున్నది ఊరు మాత్రమేనని అప్పుడు అర్థమైంది.

ఇక మా టీచర్ ఆంటీ. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు, స్త్రీల సమాజంలో అందరికన్నా పెద్దావిడ. బైబిలు తెరవగానే ఏ వాక్యం వస్తే అదే జవాబనుకోవచ్చా అని ఆవిడని అడిగాను. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొరగారి సంగతి చెప్పారు. తమ పిల్లలకి బడి కావాలని అగ్రకులాలవాళ్లు వచ్చారు. మాదిగల్ని సంఘంలో చేర్చుకుంటే మాత్రం మేం మానేస్తాం అన్నారు. ఏం చెయ్యాలో పాలుపోక దొరగారు కొత్త నిబంధన తెరిస్తే మొదటి కొరింథీ మొదటి అధ్యాయం వచ్చింది, లోకంలో బలహీనుల్ని, ఎన్నికలేనివాళ్లని దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటు. ఆయన సంగతి తెలియకుండానే ఆయన భార్య కూడా అదే భాగం చదివింది. మా ఊరి విశ్వాసులం ఈ సాక్ష్యాన్ని ఎంత ఇష్టంగా చెప్పుకుంటామో! కానీ ఆంటీ అక్కడితో ఆగలేదు. "ఆ వాక్యం ఆయనకి కొత్త రహస్యమేం చెప్పలేదు. సువార్త మొదటినుంచీ చెబుతున్నదే చెప్పింది. ఆయన దానికి లోబడ్డాడు, ఆ పిల్లలు బడి మానేశారు, ఆ నష్టం భరించాడు" అన్నారు.

ఆవిడే ఇంకో సంగతి గుర్తు చేశారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం క్లౌ దొరగారు కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. బాప్తిస్మం కావాలని జనం అప్పుడే గుంపులుగా అడిగారు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం అయ్యేదాకా ఆయన ఇవ్వలేదు. ఆ తర్వాతే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అంత పెద్ద తలుపు తెరిచి ఉన్నా ఆయన తొందరపడలేదు. నాకు ఆఫర్ గడువు దగ్గరపడుతున్న రోజుల్లో నన్ను నిలబెట్టింది ఈ సంగతే.

శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక స్త్రీల సమాజం వాళ్లు నన్ను ఉండమన్నారు. ఆంటీ అందరి తరఫునా మాట్లాడారు. "నువ్వు వెళ్తే మీ అమ్మని మేం చూసుకుంటాం. ఉంటే అప్పు సంగతి మేం చూస్తాం. భయపడి మాత్రం ఏదీ తేల్చుకోకు." నేను ఏడ్చేశాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే కళ్లు తడుస్తాయి. నా కోసం చాలామంది ప్రార్థన చేశారు, అందరికీ రుణపడి ఉంటాను. కానీ ప్రార్థన చేసి లేచాక చేతికున్న గాజులు తీసి బల్ల మీద పెట్టింది ఆవిడ. మర్నాడు బ్యాంకులో వాటిని తాకట్టు పెట్టి, వడ్డీ వ్యాపారి దగ్గర అసలు కట్టేయించారు. సంఘపెద్ద ఒకాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనే వెళ్లి మాట్లాడి, పాత అప్పు ప్రోనోటు చేతికి తెచ్చి చించించారు. ఇప్పుడు బ్యాంకు వడ్డీ నా జీతంలో నేనే కట్టగలుగుతున్నాను.

నాకు దర్శనం రాలేదు, స్వరమూ వినపడలేదు. అప్పు భయం పోయాక చూసుకుంటే, వెళ్లడానికి నా దగ్గర ఇంకే కారణమూ మిగల్లేదు. అమ్మ దగ్గర ఉండాలనే నా మనసంతా ఉంది, వాక్యమూ దానికి అడ్డు చెప్పడం లేదు. అదే సంఘపెద్దల ముందు చెప్పాను. ఒకాయన ఇంకో వారం ఆగి ప్రార్థించమన్నారు, ఆగాను. నెమ్మది అలాగే ఉంది. అప్పుడు అయ్యగారు అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయం చదివారు. యెరూషలేములో పెద్దలంతా కూర్చుని, వాదించుకుని, విని, చివరికి రాసిన మాట: "పరిశుద్ధాత్మకును మాకును తోచెను." నా చిన్న విషయంలోనూ అలాగే జరిగిందని నమ్ముతున్నాను.

డబ్లిన్‌లో ఉన్న మన సంఘం అన్నయ్యకి కృతజ్ఞతలు. జీతం, అద్దె, చలి, పండగపూట ఒంటరితనం, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాడు. రమ్మనలేదు, వద్దనలేదు. డ్యూటీలు సర్దిన మా ఇన్‌చార్జి సిస్టర్‌కి, నాకు మార్నింగ్ షిఫ్టు పడిన రోజుల్లో అమ్మని ఆటోలో తీసుకెళ్తున్న అక్కలందరికీ వందనాలు. మొన్న షిఫ్టు దిగి పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి మిషను తీసేశారు. సూది తీసిన చోట గాజుగుడ్డ అదిమి పట్టుకుని ఒక అక్క కూర్చుంది. నెత్తురు ఆగిందో లేదో చూడాలంటే వేలు ఎంత మెల్లగా ఎత్తాలో కూడా నేర్చుకుంది. ఆమె ఆసుపత్రి ఉద్యోగి కాదు, ఇంటింటికీ పాలు పోస్తుంది.

మన సంఘంలో ఇంకో చెల్లి వచ్చే నెల ఐర్లండ్ వెళ్తోంది. ఆమె వెళ్లడం ప్రభువు చిత్తమేనని నా నమ్మకం. నేను ఉండిపోయానని చూపించి ఆమెను వెనక్కి లాగొద్దని అందరినీ బతిమాలుతున్నాను. ఆమె నాన్నగారికి షుగరు, బీపీ చూసే పని నాకు అప్పజెప్పింది, సంతోషంగా ఒప్పుకున్నాను.

వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక. అమ్మ ఆ రోజు డయాలసిస్ లేకుండా చూసుకుంది, భోజనాలు తనే దగ్గరుండి చేయిస్తానంటోంది. అందరూ తప్పకుండా రండి.