ఆపరేటరుకు సొంత లాగిన్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నగారి ఎకరం ఇరవై సెంట్ల పొలాన్ని నా పేరుకు మార్చమని పెట్టుకున్న మ్యుటేషన్ దరఖాస్తును గత నెల తిరస్కరించారు. కారణం: 'పత్రాలు జతచేయలేదు'. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం నేనే దగ్గరుండి స్కాన్ చేయించాను. వెళ్లి అడిగితే తహసీల్దారు గారు "ఆ రోజు నేను సెలవులో ఉన్నానండీ" అన్నారు. అది నిజమే. ఆయన డిజిటల్ సంతకం ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్ మాత్రం ఆపరేటరు కంప్యూటరుకే గుచ్చి ఉంది. దానికి అంటించిన తెల్ల ప్లాస్టరు ముక్క మీద బాల్‌పెన్నుతో రాసిన పిన్ నంబరు!

ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. "సారు ఫీల్డుకు వెళ్తే పని ఆగకూడదు కదండీ, బయట జనం నిలబడి ఉంటారు" అన్నాడు. అతనికంటూ ఒక లాగినే లేదు మరి.

నేను బ్యాంకులో 34 ఏళ్లు పనిచేశాను. స్ట్రాంగ్‌రూముకు రెండు తాళాలు. ఒక తాళంచెవి క్యాషియరు దగ్గర, ఇంకోటి ఆఫీసరు దగ్గర ఉండేవి. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకునేది. కంప్యూటర్లు వచ్చాక కూడా అదే పద్ధతి. నేను వేసిన ఎంట్రీని నేనే పాస్ చేయబోతే సిస్టమ్ ఒప్పుకునేది కాదు. సెలవు పెడితే ఐడీ ఆపేసేవారు, బదిలీ అయితే ఆ సాయంత్రానికే తీసేసేవారు. ఒకసారి పక్క కౌంటరు మిత్రుడికి నా పాస్‌వర్డు చెప్పినందుకు మేనేజరు గారు నాచేత వివరణ రాయించుకున్నారు. ఆ రోజు కష్టమనిపించింది గాని, ఆయన చేసింది నూటికి నూరుపాళ్లూ సరైన పని.

తహసీల్దారు లాగిన్ ఆపరేటరు చేతిలో ఉంటే అంతకుముందు వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి), ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) చేసే పరిశీలనకు అర్థమేముంది? డిజిటల్ సంతకం తన అదుపులోనే ఉండేలా జాగ్రత్తపడాల్సింది సంతకందారేనని 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 42 చెబుతోంది. ఆపరేటరుకు వివరాలు నింపే, పత్రాలు ఎక్కించే అధికారం మాత్రమే ఉన్న లాగిన్ ఇవ్వండి. ఆమోదించే బటన్ అతని తెర మీద కనిపించనే కూడదు. అధికారి సెలవులో ఉంటే ఇన్‌ఛార్జికి ఆ తేదీల వరకే అధికారం ఇచ్చి, గడువు తీరగానే దానంతటదే పోయేలా పెట్టండి. దరఖాస్తును ఎవరు తెరిచారో, ఎవరు తిరస్కరించారో రైతుకిచ్చే కాగితం మీద అచ్చువేయండి.

నా చేతిలోని తిరస్కరణ కాగితం మీద తహసీల్దారు గారి పేరుంది, మధ్యాహ్నం 1.52 అని సమయమూ ఉంది. ఆ బటన్ నొక్కిందెవరో ఆ కార్యాలయంలో ఎవరూ చెప్పలేకపోతున్నారు. మళ్లీ రుసుము కట్టి, మళ్లీ దరఖాస్తు పెట్టాను.

— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, గుంటూరు జిల్లా