మావా, నీ లిస్టు నేనొప్పుకోను

మావా,

నీ ఫాంటసీ పుస్తకాల ర్యాంకుల లిస్టు చేరింది. చదివి, పక్కన పెట్టి, మళ్లీ తీసి చదివా. ఫోన్ చేద్దామనుకుని మానేశా. ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు. పైగా సాయంత్రంపూట బ్రాడీపేటలో నువ్వెక్కడ నిలబడి మాట్లాడతావో గానీ, హారన్ల మోత తప్ప ఇంకేం వినపడదు. అందుకే కూర్చుని రాస్తున్నా. చివరిదాకా చదివాకే ఫోన్ తియ్యి.

మొదటి స్థానం ‘సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’కి ఇచ్చావు. రెండు ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’, మూడు ‘వీల్ ఆఫ్ టైమ్’, నాలుగు ‘మిస్ట్‌బార్న్’, ఐదు హ్యారీ పాటర్. ఉర్సులా లెగ్విన్ రాసిన ‘ఎర్త్‌సీ’ని మాత్రం తీసుకెళ్లి అట్టడుగున పడేశావు. కారణమేంటయ్యా అంటే పుస్తకాలు సన్నగా ఉన్నాయట, యుద్ధాలు లేవట, ప్రపంచం చిన్నదట. మావా, నిజం చెప్పనా, ఆ మూడు ముక్కలు చదివాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

నువ్వు కొలిచింది ప్రపంచం సైజు. మ్యాపులో ఎన్ని రాజ్యాలున్నాయి, ఎన్ని వంశాలున్నాయి, ఎన్ని వేల పేజీలున్నాయి అని చూశావు. నేను అడిగేది ఒక్కటే. ఆ కథలో మంత్రం వేసినవాడు ఏం పోగొట్టుకున్నాడు? చెయ్యి ఊపగానే పని జరిగిపోయి, ఊపినవాడు ఎప్పట్లాగే భోంచేసి పడుకుంటే, అందులో నాకు భయం పుట్టదు, జాలీ పుట్టదు. అద్భుతానికి వెల ఉండాలి. ఆ వెల మనిషి కట్టాలి. ఈ లెక్కన నీ లిస్టు మొత్తం తిరగేశా, విను.

నా మొదటి స్థానం ఎర్త్‌సీకే. ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ 1968లో వచ్చింది. గాంట్ అనే దీవిలో మేకలు కాసుకునే కుర్రాడు గెడ్. రోక్ దీవిలో మాంత్రికుల బడికి పోతాడు. మహా తెలివైనవాడు, అంతకుమించి పొగరుబోతు. జాస్పర్ అనే తోటి కుర్రాడి మీద పంతం పట్టి, ఎప్పుడో చనిపోయిన ఒక రాణి ఆత్మని పిలుస్తాడు. ఆమెతోపాటు ఇంకోటి కూడా ఆ చీలికలోంచి ఇవతలికి దూకుతుంది, ఒక నీడ. దాని గోళ్ల గుర్తులు గెడ్ మొహం మీద జీవితాంతం ఉండిపోతాయి. తెరుచుకున్న ఆ దారిని మూయడానికి బడి పెద్ద, ముసలి నెమ్మర్లే, తన ప్రాణమే ఖర్చు పెట్టేస్తాడు. ఒక కుర్రాడి పంతానికి ఒక మహానుభావుడు పోయాడు! ఇంత పెద్ద విషయాన్ని ఆవిడ కొద్ది పేజీల్లో చెప్పేసింది.

అక్కణ్ణించి గెడ్ పారిపోతూనే ఉంటాడు. చివరికి మొదటి గురువు ఓజియన్ దగ్గరికి చేరితే, వెనక్కి తిరిగి నువ్వే దాన్ని తరుము అంటాడాయన. అలా తరిమి తరిమి, భూమి కనపడని సముద్రం చివర దాన్ని ఎదుర్కొంటాడు. కత్తి లేదు, మెరుపుల్లేవు. ఆ లోకంలో దేని అసలు పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది కదా, ఇద్దరూ ఒకేసారి ఒకే పేరు పలుకుతారు. గెడ్ అని. తను తప్పించుకు తిరిగినదీ తనే. యుద్ధాలు లేవన్నావే, ఇంతకన్నా యుద్ధం ఇంకేం కావాలి మావా?

ఇంకోటి నువ్వు గమనించావో లేదో. గెడ్‌ది రాగి రంగు ఒళ్లు. వాడి స్నేహితుడు వెచ్ నల్లనివాడు. ఆ దీవుల్లో ఎక్కువమంది మన రంగువాళ్లే. వీరుడంటే తెల్లగా పొడుగ్గా ఉండాల్సిందే అనుకునే రోజుల్లో ఒక అమెరికన్ రచయిత్రి, హడావిడి లేకుండా, ఇలా రాసింది. 2004లో టీవీ వాళ్లు గెడ్ పాత్రకి తెల్లవాణ్ణి పెడితే ఆవిడ ఊరుకోలేదు, బహిరంగంగా తప్పుపట్టింది.

మూడో పుస్తకం ‘ద ఫార్దెస్ట్ షోర్’ 1972లో వచ్చింది. బతికినవాళ్లకీ చచ్చినవాళ్లకీ మధ్య తెరుచుకున్న తలుపుని మూయడానికి గెడ్ తన శక్తి మొత్తం ధారపోస్తాడు. ఇక వాడి దగ్గర మంత్రం లేదు. వేరే ఎవరైనా అక్కడ శుభం కార్డు వేసేవాళ్లు. లెగ్విన్ పద్దెనిమిదేళ్ల తర్వాత, 1990లో, ‘టెహాను’ రాసింది. అందులో గెడ్ ఉత్త మనిషి. సిగ్గుతో కుమిలిపోయి, ఎవరికీ మొహం చూపించలేక, కొండెక్కి మళ్లీ మేకలు కాసుకుంటాడు. శక్తి పోయాక మాంత్రికుడు పొద్దున్నే లేచి ఏం చేస్తాడు? నీ లిస్టులో ఉన్న ఏ ఇతర రచయిత ఈ ప్రశ్నని ఇంత తిన్నగా అడిగాడో చూపించు. మా నాన్న రిటైరైన ఏడాది గుర్తుందా నీకు? పొద్దున్నే టిఫిన్ చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా వరండాలో కూర్చునేవాడు. ‘టెహాను’ చదువుతుంటే నాకు నాన్నే కనపడ్డాడు. డ్రాగన్లున్న పుస్తకంలో!

‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన టాల్కీన్‌కి రెండో స్థానం ఇచ్చావు, దాంట్లో నీతో గొడవ లేదు. నేనూ రెండే ఇస్తా. అందరూ ఆయన ప్రపంచాన్నీ, ఆయన కట్టిన భాషల్నీ పొగుడుతారు. నాకు మాత్రం ఆయన గొప్పతనం అగ్నిపర్వతం అంచున కనపడుతుంది. చెడంతా నిండిన ఉంగరాన్ని ఆ మంటలో పడెయ్యడానికి ఫ్రోడో అంత దూరం మోసుకొచ్చి, చివరి క్షణంలో ఉంగరం నాదే అంటాడు. ఓడిపోతాడు మావా! ఆ ఉంగరం కోసం వెంటపడ్డ గొల్లమ్ వాడి వేలు కొరికి, ఉంగరంతో సహా పడిపోబట్టి లోకం బతికింది. ఎప్పుడో ఒకసారి ఫ్రోడోకి ముందు ఉంగరం ఉన్న బిల్బో, తర్వాత ఫ్రోడో, ఆ గొల్లమ్‌ని చంపకుండా వదిలిన జాలి అక్కడ అక్కరకొచ్చింది. ఇంటికొచ్చాక కూడా ఫ్రోడో మామూలు మనిషి కాలేకపోయాడు, సొంత ఊరు షైర్ వదిలి ఓడెక్కాడు. 1916లో సోమ్ యుద్ధంలో కందకాల్లో ఉండి వచ్చినవాడు రాసిన ముగింపు అది. సినిమాల్లో షైర్‌ని శత్రువులు పాడుచేసిన ఘట్టం తీసేశారు, నువ్వు సినిమా చూసి మాట్లాడుతున్నట్టున్నావు, ఆ అధ్యాయం ఒక్కసారి తిరగెయ్యి.

మరి మొదటి స్థానం ఎందుకివ్వనంటే, అక్కడ చెడు ఒక వస్తువులో ఉంది, దాన్ని మంటలో పడేస్తే పోయింది. గెడ్ చెడు గెడ్‌లోనే ఉంది, పారెయ్యడానికి లేదు. పైగా టాల్కీన్ కథలో ఆడవాళ్లు ఎంతమంది? ఎర్త్‌సీ రెండో పుస్తకం మొత్తం సమాధుల చీకట్లో పెరిగిన టెనార్ అనే అమ్మాయి కథే.

మూడో స్థానం దగ్గర నీకు కోపం రావచ్చు. చందమామ సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారికి ఇస్తున్నా. నవ్వకు. గుంటూరు జిల్లావాడివై ఉండి నీ లిస్టులో ఆయన పేరే లేకపోవడం నాకు నిజంగా బాధేసింది. చందమామని నాగిరెడ్డితో కలిసి నడిపిన చక్రపాణిది తెనాలి. దాన్ని దశాబ్దాలపాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. దాసరి గారిదీ మీ జిల్లానే. లండన్‌లో ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి భాగం వచ్చిన 1954లోనే మద్రాసు నుంచి చందమామలో ఆయన ‘తోకచుక్క’ మొదలైంది. తర్వాత ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ఇంకా ‘భల్లూక మాంత్రికుడు’ దాకా పన్నెండు సీరియళ్లు. అన్నీ నెలనెలా రాసినవే, అన్నిటికీ ముగింపు ఉంది. వాటి మీద ఆయన పేరు కూడా వేసేవాళ్లు కాదు. ఊరూరా పిల్లలు నెలంతా ఎదురుచూసి చదివారు, రాసిందెవరో తెలియకుండానే పెద్దవాళ్లైపోయారు.

పాత్రల లోతు తక్కువంటావు, ఒప్పుకుంటా. ‘రాకాసిలోయ’ వీరుడు జయమల్లు మనసులో ఏముందో టెనార్ మనసంత తెలియదు మనకి. కానీ ‘రాకాసిలోయ’ మళ్లీ చదువు. కేశవుడూ జయమల్లూ మంత్రాలు తెలిసినవాళ్లు కాదు. విల్లూ, కత్తీ, ఒకడికొకడు ఉన్నాడన్న ధైర్యం, అంతే. మాంత్రికులేమో ధనరాశుల మీద ఆశతో కొండలూ గుహలూ తిరిగి, చివరికి తమ ఆశకే బలైపోతారు. నేను మంత్రానికి వెల అంటున్నది ఆయన ప్రతి కథలోనూ ఉంది. పైగా ఆ కథలకి చిత్రా వేసిన బొమ్మలు! మొసలి మీద స్వారీ, ఒంటికన్ను రాక్షసుడు... ఆ బొమ్మలు చూశాక నాకు ఏ గ్రాఫిక్సూ ఆనలేదు.

ఇప్పుడు నీ మొదటి స్థానం సంగతి. ‘సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ రాసిన మార్టిన్‌ని తక్కువ చెయ్యను. నా కొలత ప్రకారం కూడా ఆయన గట్టివాడే. బెరిక్ డొండారియన్ అనే యోధుణ్ణి చూడు. చచ్చిన ప్రతిసారీ బతికొస్తాడు, వచ్చిన ప్రతిసారీ తనలో కొంత పోగొట్టుకుంటాడు, సొంత ఊరి జ్ఞాపకాలతో సహా. రాణి డెనేరిస్‌కి దక్కిన డ్రాగన్ల వెనక పోగొట్టుకున్న భర్త ఉన్నాడు, పుట్టని బిడ్డ ఉన్నాడు. 2000లో వచ్చిన ‘ఎ స్టార్మ్ ఆఫ్ సోర్డ్స్’ లాంటి పుస్తకం ఈ కోవలో అరుదు. కానీ ఐదో పుస్తకం వచ్చింది 2011లో. ఆరోది ఇంకా రాలేదు. దాని మీద తీసిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్ 2019లోనే ముగిసింది, అది టీవీ వాళ్ల ముగింపు. కథలో అంతమంది చేసిన పనులకి ఎవరు ఏం చెల్లించారో ఇంకా రాయలేదు కదా. మొదటి ర్యాంకు ఎలా ఇస్తావు? పరీక్ష సగంలో ఉన్న పిల్లాడికి స్టేట్ ఫస్ట్ ఇచ్చినట్టుంది. నాలుగో స్థానం ఇస్తా. పూర్తయిన రోజున మళ్లీ మాట్లాడదాం, మనస్ఫూర్తిగా మార్చుకుంటా.

హ్యారీ పాటర్ ఐదు. అక్కడ నువ్వు సరిగ్గానే పెట్టావు. మా చిన్నది ఇప్పుడు నాలుగో భాగంలో ఉంది, సెడ్రిక్ అనే కుర్రాడు చచ్చిపోయే భాగం. మొన్న అన్నం తింటూ, “నాన్నా, మూడో పుస్తకంలో కాలం వెనక్కి తిప్పే గొలుసుంది కదా, సెడ్రిక్‌ని దాంతో ఎందుకు కాపాడలేదు?” అంది. ఐదో పుస్తకంలో మంత్రిత్వశాఖ దగ్గరున్న ఆ గొలుసులన్నీ పగిలిపోతాయని చెప్పా. “అది ఐదులో కదా, ఇది నాలుగు” అంది. నా దగ్గర జవాబు లేదు. హత్య చేస్తే ఆత్మ చీలిపోతుందన్న ఆలోచన మాత్రం ఎంత గొప్పదో! విలన్ వోల్డెమార్ట్‌ని అది నిలబెట్టింది.

వీల్ ఆఫ్ టైమ్‌కి ఆరు. పద్నాలుగు పుస్తకాలు, మధ్యలో నాలుగైదు కదలవు. 2003లో వచ్చిన పదోదైతే మరీ. అయినా మగవాడు అక్కడి మంత్రశక్తిని ముట్టుకుంటే పిచ్చెక్కుతుందన్న నియమం అద్భుతం, కథానాయకుడు రాండ్ కొండ మీద ఒంటరిగా కూర్చుని లోకాన్ని ఉంచాలా కాల్చాలా అనుకునే ఘట్టం దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు తిరిగొచ్చా. అది రాసిన జోర్డన్ 2007లో పోతే, ఆయన భార్య, ఆయన ఎడిటర్ కూడా ఆవిడే, హారియట్ మెక్‌డూగల్, శాండర్సన్ అనే ఇంకో రచయితని పిలిచి నోట్స్ అప్పగించింది. 2013కి ముగిసింది. ఆవిడకి దణ్ణం పెట్టాలి.

ఆ శాండర్సన్‌దే ‘మిస్ట్‌బార్న్’. లోహం మింగి, మండించి, నాణేన్ని తోసి గాల్లోకి లేవడం చదువుతుంటే ఒళ్లు తేలికవుతుంది. కానీ అక్కడ ఖర్చయ్యేది ఎక్కువగా లోహమే. సీసా అయిపోతే ఇంకో సీసా. దానికి ఏడో స్థానం.

నువ్వు ‘టెహాను’ చదవలేదని నా నమ్మకం. లెనిన్ సెంటర్ ఫుట్‌పాత్ మీద దొరికిన కాపీ ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నా. అట్ట నలిగింది, లోపల బాగానే ఉంది. మొదటి మూడూ చదివాకే అది తెరువు. జనవరిలో పుస్తకాల పండగకి ఎలాగూ బెజవాడ వస్తావుగా, అప్పుడు నా ‘స్టార్మ్ ఆఫ్ సోర్డ్స్’ పట్టుకురా, నీ దగ్గరే ఉండిపోయింది. కొత్త లిస్టు కూడా తీసుకురా. దాసరి గారిని ఎక్కడ పెట్టావో, ఎందుకు పెట్టావో రాసి మరీ తీసుకురా.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ,
బెజవాడ మావ