బండి అమ్మేశా, సి-బుక్కులో ఓనర్ని మాత్రం ఇంకా నేనే

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో యాక్సిడెంట్ వార్తల చివర "బండి నంబరు ఆధారంగా యజమానిని గుర్తించి స్టేషన్‌కు పిలిపించారు" అని ఒక లైన్ వస్తుంది చూడండి, ఆ యజమానిని నేనే అండి. పేరు రాలేదు లెండి, కానీ పిలిపించింది నన్నే. ఆ బండి నేను అమ్మేసి అప్పటికి ఆరేళ్లు దాటింది, రంగు ఏంటో కూడా మా ఆవిడ గుర్తు చేస్తే గానీ గుర్తు రాలేదు.

మాది సత్తుపల్లి. 2010లో ఫైనాన్స్ మీద ఒక మోటార్ సైకిల్ తీసుకున్నా, కిస్తీలన్నీ టైముకే కట్టా. 2019లో మోకాళ్ల నొప్పులు మొదలై కిక్కు కొట్టలేక దాన్ని ఊళ్లోనే ఒక ఆటో కన్సల్టెన్సీలో, అంటే పాత బండ్లు కొని అమ్మే షాపులో 18 వేలకి అమ్మేశా. ఆయన సి-బుక్కు, అదే ఆర్సీ తీసుకుని, బండి అమ్మానని చెప్పే 29 నంబరు ఫారం, పేరు మార్పుకి పెట్టే 30 నంబరు ఫారం ముందు పెట్టి "అన్నా ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం పెట్టు, కొనేవాడు దొరికాక వాడి పేరు మేమే రాసుకుంటాం" అన్నాడు. పెట్టేశా. డబ్బులు లెక్కపెట్టుకున్నంత శ్రద్ధగా ఆ ఖాళీ కాగితాల వైపు చూడలేదు, మనలో చాలామంది చూడరు కూడా, సత్తుపల్లి నుంచి సంగారెడ్డి దాకా సెకండ్ హ్యాండ్ బండ్లు నడిచేదే ఆ ఖాళీ సంతకాల మీద.

2025 నవంబర్లో ఆంధ్రాలోని తిరువూరు వైపు పోలీసుల నుంచి ఫోను. మీ బండి ఒక పెద్దాయన్ని గుద్దింది, కాలు విరిగింది, ఆర్సీలో ఉన్న ఓనర్ రావాలి అని. నాకు బండే లేదు సార్ అంటే నంబరు చదివి వినిపించారు. ఏపీ 20 తో మొదలయ్యే నంబరు, అది నాదే, కాదని ఎట్లా అంటా.

వెళ్తే అక్కడ ఇరవై రెండేళ్ల కుర్రాడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, నన్ను చూడగానే లేచి "అంకుల్ మీరేనా" అన్నాడు, ఎందుకంటే నాలుగు నెలలుగా వాడు కూడా నాకోసమే వెతుకుతున్నాడంట! ఆ బండి వాడికి నాలుగో చెయ్యి. చేతిలో నేను 2019లో పెట్టిన సంతకాలతో అవే ఫారాలు ఉన్నాయి, కొన్నవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఇంకా ఖాళీ. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు 2025 జూలైలో అయిపోయింది, రెన్యువల్ చేయిద్దామని ఆర్టీఏకి, అంటే రవాణా ఆఫీసుకి పోతే ఓనర్ ఫోనుకి ఓటీపీ వస్తుంది ఓనర్ని తీసుకురా అన్నారంట. ఆ ఓనర్ ఎవరో వాడికి తెలియదు, ఆ కుర్రాడు ఎవరో నాకు తెలియదు, మధ్యలో డబ్బులు తీసుకున్న ముగ్గురు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. వాడి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదండి.

ఇంకో తమాషా. ఏపీ నంబరే కదా అంకుల్, ఇక్కడి బండే అనుకుని కొన్నా అన్నాడు. ఏపీ 20 అంటే ఉమ్మడి రాష్ట్రంలో మన ఖమ్మం నంబరు. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయాక కొత్త బండ్లకి టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి అదీ పోయి టీజీ వచ్చింది, పాత నంబర్లు మాత్రం అట్లాగే ఉంచారు. అంటే ప్లేటు మీద ఏపీ అని ఉన్నా అది తెలంగాణ బండి కిందే లెక్క. దాన్ని ఆంధ్రాలో వాడి పేరు మీదకి మార్చాలంటే ముందు ఇక్కడి ఆర్టీఏ నుంచి అభ్యంతరం లేదనే ఎన్ఓసీ, అంటే 28 నంబరు ఫారం, పోలీసు కేసులు లేవని క్లియరెన్స్, బండి ఏడాది దాటి అక్కడే తిరిగితే అక్కడి నంబరు, అక్కడి ట్యాక్సు. మా సరిహద్దు ఊళ్లలో రోజూ అటు ఇటు బండ్లు అమ్ముడవుతాయి, ఈ సంగతి చెప్పి అమ్మేవాణ్ణి ఒక్కణ్ణి నేను చూడలేదు.

ఇక ఇన్సూరెన్స్. నేను అమ్మినప్పుడు నాలుగు నెలలు మిగిలి ఉండె, ఆ తర్వాత ఎవరూ కట్టలేదు. ఇప్పుడు ఆ పెద్దాయన వాళ్లు నష్టపరిహారం కేసు వేశారు, నడిపినవాడిగా కుర్రాడి పేరు, ఓనర్‌గా నా పేరు. లాయర్ దగ్గరికి పోయి తెల్ల కాగితం మీద రాసిచ్చిన డబ్బుల రసీదు చూపించి నేను అమ్మేశా కదండీ అంటే ఆయన నవ్వి 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ తీర్పు సంగతి చెప్పారు. అందులో కూడా ఇదే కథంట, కారు అమ్మేశాడు, అది చేతులు మారుతూ పోయింది, రికార్డులో పేరు మారలేదు, యాక్సిడెంట్ అయింది. చట్టం దృష్టిలో ఓనర్ అంటే రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడే, బాధితుడు బండి ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు అని కోర్టు చెప్పి మొదటి ఆయన మీదే బాధ్యత పెట్టింది. ఆలోచిస్తే న్యాయమే, కాలు విరిగిన మనిషి ఎవరి చుట్టూ తిరుగుతాడు? కానీ నా ప్రాణానికి వచ్చింది.

చట్టంలో మరి అమ్మినవాడికి దారి లేదా అంటే ఉందండి, మనమే పోము. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రం వాళ్లకి అమ్మితే 45 రోజుల్లో అమ్మినవాడు ఆర్టీఏకి తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్చుకోవాలి. 29 నంబరు ఫారం ఉన్నదే అందుకు, అది నేను అమ్మానని నేను చెప్పుకునే కాగితం, దాన్నే నేను సంతకం పెట్టి పరాయివాడి చేతిలో పెట్టి వచ్చా! కొనేవాడు లేకుండా నేనొక్కణ్ణే ఇస్తే తీసుకుంటారా అని ఇప్పుడు పోయి అడిగితే కౌంటర్లో ఇద్దరూ రావాలి, ఆధార్ కావాలి, స్లాట్ బుక్ చేసుకోండి అన్నారు. నా మనవి ఇక్కడే అండి. అమ్మినవాడు ఒక్కడే వచ్చి కొన్నవాడి వివరాలతో 29 ఇస్తే తీసుకుని, రికార్డులో "అమ్మినట్టు తెలియజేశారు" అని తేదీతో సహా కనపడేలా పెట్టండి. చలాన్లకి, ట్యాక్సుకి ఆధార్‌తో మమ్మల్ని పట్టుకోగలుగుతున్న కంప్యూటరుకి ఇదొక లెక్కా.

సెకండ్ హ్యాండ్ డీలర్లు రిజిస్టర్ చేసుకుని ఆథరైజేషన్ తీసుకోవాలి, బండి వాళ్ల దగ్గర ఉన్నన్నాళ్లు వాళ్లనే ఓనర్ కింద లెక్కేయాలి అని కేంద్రం 2022 డిసెంబర్లో రూల్ తెచ్చింది, 2023 ఏప్రిల్ నుంచి అమలు. మంచి రూలే. మా ఊరి కన్సల్టెన్సీల్లో అడిగా, ఆ మాట విన్నవాళ్లు కూడా దొరకలేదు. మీ రిపోర్టర్లు ఒకసారి జిల్లాలో తిరిగి ఎంతమందికి ఆ ఆథరైజేషన్ ఉందో రాస్తే బాగుంటుంది.

నా తప్పు ఇంకోటి కూడా ఉంది, చెప్పకపోతే బాగోదు. 2013లోనే కిస్తీలు అయిపోయినా సి-బుక్కులో బండి మీద అప్పు ఉందని చూపించే హెచ్‌పీ తీయించలేదు. ఫైనాన్స్ వాళ్లు అప్పు తీరిందని ఎన్ఓసీ, 35 నంబరు ఫారం ఇచ్చారు, బీరువాలో పడేశా. అది రికార్డులో కొట్టేయించకపోతే పేరు మార్పు ముందుకి కదలదు. కన్సల్టెన్సీ ఆయన అప్పుడు ట్రాన్స్‌ఫర్ చేయకపోవడానికి అదీ ఒక కారణమే అయి ఉంటుంది, ఎవడు తిరుగుతాడు అని ఖాళీ ఫారాలతోనే తోసేశాడు. అప్పు తీరిన నెలలోనే ఆ పని చేయించుకోండి బాబూ. షోరూంలో కొత్త బండి రిజిస్ట్రేషన్ ఈ రోజుల్లో వాళ్లే చేసేస్తారు, దాని గురించి చెప్పేదేం లేదు, పేరు స్పెల్లింగు చూసుకుని నామినీ పేరు కూడా పెట్టించండి చాలు, 2021 నుంచి ఆ సౌకర్యం ఉంది. మా బావమరిది పోయాక ఆయన కారు మార్చడానికి మా చెల్లెలు డెత్ సర్టిఫికెట్, వారసుల కాగితాలు, 31 నంబరు ఫారం పట్టుకుని ఎన్నిసార్లు తిరిగిందో. మూడు నెలల్లో అప్లై చేయాలన్న సంగతి ఏడుపు ఇంట్లో ఎవరికి గుర్తుంటుంది.

రెన్యువల్‌కి కూడా గడువు ముందే చూసుకోవాలి, గడువుకి 60 రోజుల ముందు నుంచి 25 నంబరు ఫారంతో అప్లై చేసుకోవచ్చని రూలు. బండి తీసుకుపోయి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి, ఇన్సూరెన్సూ పొల్యూషనూ ఉండాలి, బాగుందంటే ఐదేళ్లు ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి మోటార్ సైకిల్‌కి 1000, కారుకి 5000 ఫీజు, లేటయితే మోటార్ సైకిల్‌కి నెలకి 300 చొప్పున పడుతుంది, 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో ఆ ఫీజులు డబుల్ చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆ కుర్రాడి బండికి జూలై నుంచి ఆ 300లు పెరుగుతూనే ఉన్నాయి, అంటే నా బండికే అనుకోండి.

అంతకుముందు 2024లో మా అమ్మాయికి స్కూటీ కొందామని పోతే షోరూం అబ్బాయి "సార్ మీ పేరు మీద ఇంకో బండి చూపిస్తోంది, రెండో బండికి ట్యాక్స్ ఎక్కువ పడుద్ది" అన్నాడు. ఏదో కంప్యూటర్ తప్పులే అని మా ఆవిడ పేరు మీద తీసుకుని ఇంటికొచ్చా. అప్పుడే మేలుకుని ఉంటే ఆ కుర్రాడు నాకు ఏడాది ముందే దొరికేవాడు.

బండి ఇంకా ఆ స్టేషన్ ఆవరణలోనే ఉంది. ఫైనాన్స్ వాళ్ల పాత ఎన్ఓసీ బీరువాలో చీరల కింద దొరికింది, కొసలు చెదలు తిన్నాయి గానీ స్టాంపు కనిపిస్తోంది. కుర్రాడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, అంకుల్ స్లాట్ దొరికిందా అని.

ఇట్లు,
మీ పాఠకుడు,
సత్తుపల్లి, ఖమ్మం జిల్లా.